భుజం వెనక నుంచి చూసే ఆటలు

మా ఇల్లు చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో, మేడ మీది పోర్షన్. రెండు గదులు, వంటగది, బట్టలారేసుకోవడానికి కొంచెం వరండా. అమ్మ, నేను, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఉంటాం. నాన్న దైవసేవకుడు. పాలమూరు నుంచి ఇళ్ళు కట్టే పనికి వచ్చినవాళ్ళ బస్తీల్లో ముప్పై ఏళ్ళు దేవుని వాక్యం చెప్పాడు. ఆయన పోయాక ఆయన నోట్సు పుస్తకాలు నాకు వచ్చాయి, ఆయన గొంతు తమ్ముడికి వచ్చింది. నేను నారాయణగూడలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఆదివారం ఆ దగ్గరలోనే మా సంఘంలో పిల్లలకు సండే స్కూలు చెబుతాను.

తమ్ముడు నాలుగేళ్ళు అశోక్‌నగర్ స్టడీ హాళ్ళలో గ్రూప్స్‌కి చదివాడు. రెండుసార్లు లిస్టు అంచుదాకా వచ్చి పేరు లేకుండా పోయింది. తరువాత పుస్తకాలన్నీ జూనియర్లకు ఇచ్చేసి బషీర్‌బాగ్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరాడు. చేరిన మూడో నెలలో, ఆఫీసులో ఎవరో అమ్మేస్తుంటే, టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ డబ్బా ఒకటి తెచ్చుకున్నాడు. అదే ఏడాది ఆదివారం ఆరాధనకు రావడం మానేశాడు. అమ్మ ఈ రెండింటినీ ఒకదానికొకటి ముడిపెట్టింది. నేనూ ముడిపెట్టాను.

వాడు సాయంత్రం ఆరున్నరకు వచ్చి, టీ తాగి, అన్నం వేళ దాకా ఆడతాడు. టీవీ ఉన్న గదిలో ట్యూబ్‌లైటు బాగుంటుందని నేను పిల్లల కాపీలు అక్కడే కూర్చొని దిద్దుతాను. కావాలని చూడలేదు గానీ, రోజూ ఎదురుగా కదులుతుంటే చూడక ఏం చేస్తాను.

ఒకరోజు తలెత్తి అడిగాను. "వీడు నిన్నటోడే కదరా?"

"నిన్నటిది అయిపోయిందక్క. ఇది వేరే గేమ్."

"గడ్డం అదే ఉన్నది."

"గడ్డం అందరికి ఉంటది."

నిజంగానే అందరికీ ఉండేది. ఆ తరువాత నేను కొంచెం శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాను. మనం ఎప్పుడూ ఆ మనిషి భుజం వెనక నుంచే చూస్తాం. అతనికి ఎవరో చనిపోయి ఉంటారు. వెంట ఒక చిన్నపిల్లో, తోడుగా ఒక మనిషో ఉంటారు. మొదట ఇద్దరికీ పడదు, తరువాత పడుతుంది. ఎక్కాల్సిన రాళ్ళకు అంచున తెల్ల రంగు పూసి ఉంటుంది. శత్రువులు వస్తే నడుము లోతు గడ్డిలో వంగి కూర్చుంటాడు. దారిలో చచ్చినవాళ్ళు రాసి పెట్టిన ఉత్తరాలు దొరుకుతాయి. ఇవన్నీ ఒక కాపీ చివరి అట్ట మీద పెన్సిల్‌తో రాసి, కొత్త ఆట మొదలైనప్పుడల్లా టిక్కులు పెట్టాను. మూడు ఆటలకు మూడు వరసల టిక్కులు వచ్చాయి. ఒకదాంట్లో మంచు, ఒకదాంట్లో ఎడారి, ఒకదాంట్లో కూలిపోయిన పట్నం. ఒకదాంట్లో మాత్రం గడ్డం లేదు, ఎందుకంటే ఆమె ఆడమనిషి.

ఆ అట్ట తమ్ముడికి చూపించాను. వాడు ఆట ఆపి మరీ చదివాడు.

"కరెక్టే రాసినవ్. మార్కులు ఎన్నేస్తవ్?"

"కాపీ కొట్టినోళ్ళకు సున్నా ఏస్త."

"ఇవన్ని ఈ డబ్బాలనే వస్తయక్క, వేరే దేంట్ల రావు. పెద్ద పెద్దోళ్ళు ఏండ్లకేండ్లు చేస్తరు. ఒకటి మస్తు నడిచిందంటే ఇంగ అందరు గదే తీరు చేస్తరు. భయం వాళ్ళకు."

"మరి నీకు బోర్ కొట్టదా?"

వాడు కొంచెం ఆలోచించి చెప్పాడు. "కొత్తది పెట్టంగనే చేతులకు ముందే తెలిసిపోతది, ఏ బటన్‌కు ఏమైతదో. సిలబస్ మారదు. కథ ఒక్కటే కొత్తగ తెలుసుకోవాలె."

సిలబస్ మారదు అన్నప్పుడు వాడు నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వేసి కాపీల్లో పడ్డాను.

ఇంకో రోజు అడిగాను. "ప్రతి దాంట్ల రెండు గోడల నడుమకెళ్ళి ఇరుక్కొని పోతరెందుకురా? సక్కగ దారే లేదా ఆ దేశంల?"

"అది లోడింగ్. ముందటి జాగ మెషిన్ల తయారు కావాలె గద. అందాంక తెర నల్లగ పెడితే ఆడేటోనికి చిరాకొస్తది. గందుకని సందులకెళ్ళి మెల్లగ పోనిస్తరు. ఉత్తగనే పోతె బాగుండదని మాటలు చెప్పిస్తరు."

"అంటే ఆలస్యం దాచుడు."

"ఆ. నాన్న ప్రసంగం నడుమ పాట పాడిచ్చేటోడు చూడు. తర్వాత పేజీ దొరక్కపోతే."

వంటింట్లోంచి అమ్మ, "మీ నాయన జోలికి పోకుండ్రి," అంది. కానీ అమ్మ కూడా నవ్వుతోంది. మా ముగ్గురికీ తెలుసు, నాన్న అద్దాలు మార్చుకోవలసి వచ్చినప్పుడల్లా ఒక పాట పాడించేవాడని.

వాడు అక్కడితో ఆగలేదు. "ఒక్కతీరు కథలంటున్నవ్ గని, బావికాడ పెండ్లి కుదురుడు ఎన్నిసార్లొస్తది వాక్యంల? చెప్పు టీచరమ్మా."

నేను వేళ్ళు ముడిచాను. పెళ్ళికూతురిని వెతకడానికి యజమాని పంపిన పనివాడు, ఒంటెలకు కూడా నీళ్ళు తోడిన అమ్మాయి. బావి మీది రాయిని ఒక్కడే దొర్లించి గొర్రెలకు నీళ్ళు పెట్టినవాడు. రాజు నుంచి పారిపోయి వచ్చి, కాపరులను తరిమి ఏడుగురు అక్కాచెల్లెళ్ళకు సాయం చేసినవాడు. "మూడు," అన్నాను.

"మూడుసార్లు పరాయి ఊరు, మూడుసార్లు బావి, మూడుసార్లు పిల్ల ఉరికిపోయి ఇంట్ల చెప్పుడు. ఏస్తవా సున్నా?"

"అది దేవుని వాక్యం. ఇది బేరం."

"సరే తియ్," అని వాడు మళ్ళీ ఆటలో పడ్డాడు. కానీ ఆ నెలలో మేమిద్దరం మాట్లాడుకున్నంతగా వాడు పరీక్షలు రాసిన నాలుగేళ్ళలో మాట్లాడుకోలేదు. నాకు అప్పుడే తెలిసుండాల్సింది, నా చేతిలో ఉన్నది ఎంత విలువైనదో. నాకు మాత్రం ఆదివారం ఆరాధనలో బెంచీ మీద వాడి స్థలం ఖాళీగా ఉండడమే కనిపించేది.

గురువారం సాయంత్రం మా సంఘంలో స్త్రీల కూటం ఉంటుంది. ప్రార్థన మనవులు చీటీల మీద రాసి ఒక స్టీలు డబ్బాలో వేస్తాం. మేం అమ్మగారు అని పిలిచే పాస్టరుగారి భార్య ఒక్కొక్కటి తీసి గట్టిగా చదువుతారు, అందరం కలిసి ప్రార్థిస్తాం. రాయడం రానివాళ్ళకు చీటీలు రాసిపెట్టేది నేనే. ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నాను. భర్త తాగుడు, కొడుకు ఫోను, అల్లుడి పేకాట, ఎవరిదైనా సరే వాక్యం ఒకటే: ఫలానా బంధకాల నుండి విడుదల కొరకు ప్రార్థించగలరు. మనిషి వచ్చి పక్కన కూర్చొని సగం చెప్పేలోపే నా చేయి ఆ వాక్యంలోకి వెళ్ళిపోయేది.

ఆ గురువారం అందరివీ రాయడం అయ్యాక ఒక చీటీ మిగిలింది. దాని మీద రాశాను: నా తమ్ముడు వీడియో గేముల బంధకాల నుండి విడుదల పొంది సహవాసంలోకి తిరిగి రావాలని ప్రార్థించగలరు. పేరు రాయలేదు. మా కూటంలో నా చేతిరాత తెలియనివాళ్ళు లేరు.

శనివారం సాయంత్రం కింద గేటు చప్పుడైంది. మెట్ల మీద పాట వినిపించింది. మా సంఘ పెద్ద, రైల్వేలో పనిచేసి రిటైరైన ఆయన, అమ్మగారు, మేం అవ్వ అని పిలిచే ఒక పెద్దావిడ వచ్చారు. అవ్వ అశోక్‌నగర్‌లో హాస్టల్ పిల్లల కోసం కర్రీ పాయింట్ నడుపుతుంది. గృహ ప్రార్థనకు చెప్పి రావాలనే నియమం మాకు లేదు. చెప్పకుండా రావడమే ప్రేమ అనుకుంటాం.

తమ్ముడు ఆట మధ్యలో ఉన్నాడు. చేతిలోది కింద పెట్టి లేచి, వందనాలు చెప్పి, కుర్చీలు జరిపాడు. టీవీ ఆపే సమయం దొరకలేదు.

"బాబూ, ఆ మిషన్ ఇదేనా?" అని సంఘ పెద్ద అడిగాడు.

"ఇదేనయ్యా."

ఆయన వంగి ఆ డబ్బా మీద కుడిచెయ్యి పెట్టాడు. ఎడమచెయ్యి తమ్ముడి తల మీద పెట్టాడు. ఇద్దరికీ ఎత్తు కుదరక తమ్ముడు కొంచెం మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. ప్రార్థన చాలాసేపు సాగింది. ఈ యువకుణ్ణి కట్టివేసిన సంకెళ్ళు తెగిపోవాలని, ఈ యంత్రం ద్వారా పనిచేసే శక్తులు తొలగిపోవాలని ఆయన ఏడుస్తూ అడిగాడు. ఆయన నిజంగా ఏడ్చాడు, అది నేను ఎగతాళిగా చెప్పడం లేదు. నేను కళ్ళు తెరిచి చూస్తే తెర మీద ఆ గడ్డం మనిషి మంచులో నిలబడి ఉన్నాడు. నోటి నుంచి ఆవిరి వస్తోంది. ఎవరూ కదిలించకపోయేసరికి అప్పుడప్పుడు అటూ ఇటూ చూసి, చేతులు రుద్దుకుంటున్నాడు.

ఆమేన్ అయ్యాక అమ్మగారు అడిగారు. "దినాం ఎంతసేపు ఆడ్తవ్ నాయనా?"

"గంటన్నర, అమ్మగారూ."

"గంటన్నరనేనా?" ఆమె నా వైపు చూశారు. నేను టీ కప్పులు సర్దాను.

అవ్వ అడిగింది. "మరి పరీక్షల రిజల్ట్ ఏమాయె బిడ్డా? కుదిరిందా?"

"ఇప్పుడు రాస్తలేనవ్వా. మానేసిన."

"మల్ల రాయి బిడ్డా. మేం ప్రార్థన జేస్తం. ఎన్నోసారి ఇది?"

తమ్ముడు వేళ్ళు లెక్కపెట్టి మరీ చెప్పాడు. టీలు అందించాడు. గేటు దాకా దిగి సాగనంపాడు. పైకి వచ్చి టీవీ ఆపేశాడు.

"చీటీ రాసినవా అక్క?"

"రాసిన."

"ఏమని?"

చెప్పాను. వాడు బంధకం అనే మాట ఒకసారి మెల్లగా పలికాడు, రుచి చూసినట్టు.

"అందరికి గట్లనే రాస్తం కదరా," అన్నాను.

"గదే అంటున్న. గేములన్ని ఒక్కతీరు అన్నవ్, సరే, ఒప్పుకున్న. మనుషులను గూడ ఒక్కతీరే రాస్తివి. ఆ పేకాట మామ, నేను ఒకటేనా?" గొంతు పెంచలేదు. "ఆదివారం ఎందుకు వస్తలేనో ఒక్కసారన్న అడిగినవా నన్ను? ఇంగ చూసినవ్ గద ఇప్పుడు. ఎన్నోసారి అని అడుగుతరు. వారం వారం అడుగుతరు. ఇంట్ల అడగరు గద అని ఇంట్ల ఉన్న."

సోమవారం వాడు అశోక్‌నగర్‌లో పాత స్నేహితుడి హాస్టల్ గదికి వెళ్ళిపోయాడు. నడిస్తే ఇరవై నిమిషాల దూరం. రెండు సంచులు, తన దిండు తీసుకున్నాడు. గేమ్ డబ్బాను తువ్వాలులో చుట్టి బీరువా మీద పెట్టాడు. అమ్మ దిండు గురించే బాధపడింది. బట్టలు తీసుకుపోతే ఊరికెళ్ళినట్టు, దిండు తీసుకుపోతే ఇల్లు మారినట్టు అంది. ఫోన్ చేస్తే అమ్మతో మాట్లాడేవాడు. నేను తీసుకుంటే, "ఆఫీసుల ఉన్న," అనేవాడు.

ఆ తరువాతి ఆదివారం పిల్లలకు బావి దగ్గరి స్త్రీ పాఠం చెప్పాలి. మిట్టమధ్యాహ్నం, పరాయి దేశం, బావి, గట్టున కూర్చున్న ప్రభువు, నీళ్ళు తోడుకోవడానికి ఒంటరిగా వచ్చిన ఆమె. నాన్న నోట్సు తెరిచి చూస్తుంటే నాకు తమ్ముడి ముందు ముడిచిన వేళ్ళు గుర్తొచ్చాయి. ఇది నాలుగోది. ఆరోజు నాకు తోచనే లేదు. మొదలంతా ఆ మూడింటిలాగే ఉంది. ఇక్కడ కూడా ఆమె కుండ వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తి చెబుతుంది. కానీ ఇక్కడ పెళ్ళి కుదరదు. ఆమెకు ఇప్పటికే ఐదుగురు భర్తలు అయ్యారు. ప్రభువు ఆ సంగతి ఆమెతోనే అన్నాడు, ఎవరూ లేనప్పుడు అన్నాడు. శిష్యులు తిండి కొనడానికి ఊళ్ళోకి వెళ్ళి ఉన్నారు. ఆ సంగతి నేను ఎన్నోసార్లు చదివాను, చెప్పాను. ఆయన ఆమె గురించి చీటీ రాసి డబ్బాలో వేయలేదు అన్నది మాత్రం ఆ ఆదివారం ఉదయమే తట్టింది. ఆ పాఠం సరిగ్గా చెప్పలేకపోయాను. పిల్లలచేత రంగులు వేయించి పంపేశాను.

సోమవారం బడి నుంచి వచ్చి బీరువా మీది మూట దించాను. ఏ తీగ ఎక్కడ పెట్టాలో అర్థం కావడానికే ఒక సాయంత్రం పోయింది. వాడు సగంలో వదిలేసిన ఆట ముట్టుకోకుండా, నా కోసం కొత్తగా మొదలుపెట్టాను. మంచుకొండల్లో పడవలు చేసే ఒకడు, చచ్చిపోయిన అన్న కూతురిని తీసుకొని సముద్రం దాకా వెళ్ళాలి. పక్కన కూర్చొని చూసినప్పుడు ఇందులో ఏముంది అనిపించింది. చేతిలోకి తీసుకుంటే ఒక బొటనవేలితో మనిషిని నడపాలి, ఇంకో బొటనవేలితో మన చూపు తిప్పాలి. నాకు రెండూ కలవలేదు. అతను గోడ వైపు నడిచేవాడు, నేను ఆకాశం చూసేదాన్ని. తెల్ల రంగు పూసిన రాయి నుంచి తెల్ల రంగు పూసిన రాయికి దూకి, రోజూ అతన్ని లోయలో పడేసేదాన్ని. అమ్మ కూరగాయలు తరుగుతూ, "పడ్డడా?" అని అడిగేది. పడ్డాడు అని చెప్పేదాన్ని.

గురువారం కూటంలో చీటీలు చదవడం అయ్యాక నేను లేచి నిలబడ్డాను. "రెండు వారాల కింద నేనొక చీటీ రాసిన. అది నిజం కాదు. మా తమ్ముడు ఏ బంధకంల లేడు. ఆఫీసు నుంచి వచ్చి గంటన్నర ఆడుకుంటడు. నేను అబద్ధం రాస్తే మీరందరు దాని మీద ప్రార్థన చేసిన్రు. నన్ను క్షమించాలె."

అమ్మగారి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఒక పక్క మనవులు, ఒక పక్క స్తుతులు రాసుకుంటారు. ఆమె పెన్ను పట్టుకొని ఆలోచించారు. "ఇది ఎటు దిక్కు రాయాలె?"

"ఒప్పుకోలు అని రాయమ్మా," అంది అవ్వ.

"దానికి జాగ లేదవ్వా."

"అంచుల రాయి."

అమ్మగారు అంచులో రాసుకున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు నా చేయి పట్టుకొని, ఇకనుంచి చీటీలు రాసేటప్పుడు మనిషి చెప్పేది పూర్తిగా విని రాద్దాం అన్నారు. మందలించినట్టు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు.

ఆ ఆదివారం ఆరాధన నుంచి నేను ఇల్లు చేరేసరికి మెట్ల కింద తమ్ముడి చెప్పులున్నాయి. అమ్మ వాడికి అన్నం పెడుతోంది. వాడు టీవీ వైపు చూస్తున్నాడు.

"ఎవరు దించిన్రు దాన్ని?"

"మీ అక్కనే," అంది అమ్మ. "రోజు కొండ మీదికెళ్ళి ఆయన్ని నూకుతున్నది."

తిన్నాక వాడు ఆట పెట్టి నేను ఎంత దూరం వచ్చానో చూశాడు. "వారం సంది మొదటి ఊరే దాటలేదా?"

"చూపు తిరుగుతలేదురా."

"అదే తిరగదు. నువ్వు తిప్పాలె." కంట్రోలర్ నా చేతికే ఇచ్చి, వాడు నా వెనక మంచం మీద కూర్చున్నాడు. కుడికి, ఎడమకి, ఆగు, ఇప్పుడు దూకు అని చెబుతుంటే రెండు ప్రయత్నాల్లో ఆ లోయ దాటాను. అవతల గోడల మధ్య సందు వచ్చింది. అతను పక్కకు తిరిగి అందులోకి దూరాడు. పిల్ల వెనక వస్తోంది. నేను మాటల కోసం ఎదురుచూశాను. రాలేదు. ఆ పిల్ల నాన్న కట్టిన పడవను అతను ఆమెకు చెప్పకుండా పరాయివాళ్ళకు ఇచ్చేశాడు. అందుకని పిల్ల మాట్లాడదు. రాళ్ళకు బట్టలు రాచుకునే చప్పుడు మాత్రమే ఉంది.

"ఈడ మాత్రం మాట్లాడరు," అన్నాడు తమ్ముడు. "మొదటిసారి ఆడినప్పుడు సౌండు పోయిందనుకున్న."

నేను తెర వైపే చూస్తూ అన్నాను. "నేను రాసింది తప్పురా. నిన్ను అడగాల్సింది."

"అవ్వ చెప్పింది. పప్పు పొట్లం కట్టుకుంట చెప్పింది, మీ అక్క నిలబడి అబద్ధమాడిన అన్నది బిడ్డా అని. ఇంకో గరిటె ఎక్కువ ఏసింది." మంచం అంచుకు జరిగి అన్నాడు. "రిజల్ట్ సంగతి అడగలేదు ఈసారి."

నా బొటనవేలు ఆగిపోయింది. సందు మధ్యలో అతనూ ఆగిపోయాడు.

"ముందటికి నొక్కక్క. నువ్వు నొక్కితేనే పోతడు," అన్నాడు. తరువాత, "మెత్త బుధవారం తెచ్చుకుంట. ఆ గదిల నల్లులున్నయ్," అన్నాడు.

బుధవారం తెచ్చుకున్నాడు. అమ్మ దిండును రెండు రోజులు ఎండలో వేశాక గానీ లోపలికి రానివ్వలేదు.

వాడు ఆదివారం ఆరాధనకు ఇంకా రావడం లేదు. ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి ఖాళీ స్థలాన్ని చూసి వాడి మీద కోపం రావడం లేదు. వాడు రావాలని రోజూ తెల్లవారుజామున ప్రార్థిస్తాను, చీటీ లేకుండా, వాడి పేరుతో. ఆ ఆటల గురించి నా అభిప్రాయం మాత్రం పెద్దగా మారలేదు. అవసరమైనదానికంటే ఎక్కువగానే ఒకేలా ఉంటాయి. ఆ గడ్డాలు కొన్ని తీసేయవచ్చు. కాకపోతే ఇప్పుడు కొత్త ఆట వచ్చినప్పుడు టిక్కులు పెట్టడం మానేసి, ఏది మారిందో చూడడానికి కాపీలు పక్కన పెడుతున్నాను. నిన్న ఒకటి మొదలైంది. భుజం, గడ్డం, మంచు అన్నీ ఉన్నాయి. సందు కూడా వచ్చింది. అమ్మ వంటింట్లోంచి అడిగింది, వీళ్ళు మాట్లాడుకుంటున్నారా అని.